పట్టుపురుగుల ఇంట్లో థ్రిల్లర్ నవల

2023వ సంవత్సరం, శివరాత్రి వెళ్లి పది రోజులు. కర్ణాటకలో చింతామణి ఊరి బయట ఉన్న నా చాకి కేంద్రంలో ఆరోజు గుడ్లు పగులుతున్నాయి. చాకి అంటే పట్టుపురుగుల పసితనం. గుడ్డులోంచి చీమంత ఉండి బయటికొచ్చే పురుగును రెండు జ్వరాలు దాటేవరకు మేము పెంచి, ఆ తర్వాత రైతుల చేతికి ఇస్తాం. జ్వరమంటే రోగం కాదు. పురుగు మేత మానేసి, కదలకుండా పడుకుని, పాత చర్మం విడిచే రోజును అట్లా అంటాం. పురుగు జీవితంలో అట్లాంటివి నాలుగు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులపాటు వాన పడుతున్నంత చప్పుడు చేస్తూ ఆకు తిని, గూడు కడుతుంది. ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే. గూళూరు నుంచి శిడ్లఘట్ట దాకా రైతులు నన్ను చాకి మేడం అంటారు. నా అసలు పేరు వాళ్లలో చాలామందికి తెలియదు, తెలియకపోయినా నాకేమీ లోటు రాలేదు.

నాకున్న ఇంకో వ్యసనం మిస్టరీ నవలలు, థ్రిల్లర్లు. మా వైపు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడ. అందుకని తెలుగు పుస్తకం చదవగలిగినవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురే ఉంటారు. నాకు మా అమ్మ మదనపల్లె మనిషి కావడంవల్ల తెలుగు అక్షరాలు ఒంటబట్టాయి. కదిరి, హిందూపురం వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లకు కూడా చదవడం వచ్చు కాని, ఇక్కడ పుస్తకం దొరకదు. అట్లాంటివాళ్లకు నా బీరువా తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. పుస్తకంతోపాటు నా అభిప్రాయం కూడా ఉచితమే, అడిగినా అడగకపోయినా.

ఆ అభిప్రాయాలు ఇప్పటికీ మారలేదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఈమధ్య వచ్చే థ్రిల్లర్లలో పోలీసు అధికారి అనేవాడికి కాపురం చెడిపోయి ఉండాలి, నిద్ర పట్టకూడదు, పై అధికారితో గొడవ ఉండాలి. ఆయన బాధలు విని విని చచ్చిపోయిన మనిషిని మనం మరచిపోతాం. లాబ్ రిపోర్టు మధ్యాహ్నం పంపితే సాయంత్రానికి వచ్చేస్తుంది. నేను ఆకు నమూనా పంపించి వారాలకొద్దీ కాచుకున్న మనిషిని, నాకు ఆ పేజీ చదివితే నవ్వొస్తుంది. ఇక మలుపులు. ఒక మలుపు బాగా తిప్పితే చాలు. చివరి ముప్పై పేజీల్లో నాలుగు మలుపులు తిప్పే రచయిత మొదటి మలుపు మీద తనకే నమ్మకం లేదని ఒప్పుకుంటున్నట్టే. డిటెక్టివ్ చూసినదాన్ని నాకు చూపించకుండా దాచి, ఆఖర్లో జేబులోంచి తీసి చూపించేవాళ్లంటే నాకు అసలు గిట్టదు.

అన్నిటికన్నా నా ఒళ్లు మండేది విషం దగ్గర. నవలల్లో విషం ఎంత బుద్ధిగా ఉంటుందో. ఎవరి గ్లాసులో వేస్తే వాళ్లే తాగుతారు, పక్కవాడికి చుక్క కూడా అంటదు. విషమంటే ఏమిటో మా పనిలో ఉన్నవాళ్లను అడగండి. పట్టుపురుగంత సుకుమారమైన ప్రాణి ఇంకొకటి లేదు. పక్క చేనులో టమాటాకు కొట్టిన మందు గాలికి మల్బరీ ఆకు మీద పడితే చాలు, పొగాకు నమిలిన మనిషి చెయ్యి కడుక్కోకుండా ఆకు వేస్తే చాలు. మా కేంద్రంలో దోమల బత్తి లేదు, అగరబత్తి లేదు, ముఖానికి పౌడరు లేదు. నేను ఇంట్లోంచి వచ్చి, అక్కడి బాత్‌రూములో స్నానం చేసి, అక్కడే ఉంచిన చీర కట్టుకుని లోపలికి పోతాను. నవల ఎంత ఉత్కంఠ మీద ఉన్నా ఇంట్లోనే వదిలిపెట్టి వస్తాను, ఎందుకంటే చదివే మనిషి మేత వేళ మరచిపోతుంది.

ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. సగం పుస్తకం కాగానే హంతకుడి పేరు పెన్సిలుతో అట్ట లోపల రాసుకునే అలవాటు నాకుంది. చాలాసార్లు నేను రాసిన పేరే నిజమయ్యేది. నా సూత్రం సులభం. బయటివాణ్ని వదిలెయ్యాలి, ఇంట్లో తిరిగేవాళ్లలో ఎవరికి మనసులో కోపం ఉందో చూడాలి. ఈ సూత్రంతో నేను పడిన గర్వం తక్కువేమీ కాదు.

గుడ్లు పగిలిన ఆ ఉదయం వెంకటరాయప్ప ఫోను చేశాడు. గూళూరు హోబళిలో, అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ల గుంపులో, ఒక పల్లె ఆయనది. పదేళ్లుగా నా దగ్గరే చాకి తీసుకుంటున్నాడు, మాట తక్కువ మనిషి. ఆరోజు పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు.

“మేడం, పురుగు తల ఊపుతాండాది. పచ్చగా కక్కుతాండాది. నిన్న సాయంత్రం దాకా బాగా మేసినాయి.”

నాలుగో జ్వరం లేచి నాలుగో రోజు. ఇంకో మూడు రోజులు మేస్తే గూడు కట్టేవి. నేను నాలుగు ప్రశ్నలు వేశాను. పురుగు ఉబ్బి, గిల్లితే పాలు కారుతున్నాయా అంటే లేదన్నాడు. సున్నం పూసినట్టు తెల్లగా గట్టిపడిందా అంటే లేదన్నాడు. మెత్తబడి వాసన కొడుతోందా అంటే అదీ లేదన్నాడు. ఇల్లంతా చస్తున్నాయా అంటే, లేదు, ఒక పక్కనే అన్నాడు. మెలికలు తిరిగి, కుంచించుకుపోయి, పచ్చనీళ్లు కక్కి చస్తున్నాయి. ఎంత దూరంలో ఉన్నా దానికి పేరు చెప్పడం నాకు కష్టం కాదు.

“రోగం కాదప్పా, విషం. గాలికి వచ్చింటే ఇల్లంతా పోయుండేది. ఇది లోపల తిరిగే మనిషి చేతిమీద వచ్చిందే. లోపల ఎవురెవురు తిరుగుతాండారు?”

తను, భార్య సుజాత, తల్లి, ఆకు కోసే నరసమ్మ అన్నాడు. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. నేను ఆపలేదు. మీమీద ఎవరికైనా కోపముందా అని అడిగాను. ముందువారం అక్క ఇంట్లో దినమని నరసమ్మ రెండు రోజులు పనికి రాలేదని, ఆకు అవసరమైన సమయంలో రాలేదని తన తల్లి ఆమెను వీధిలో నిలబెట్టి నానా మాటలు అన్నదని చెప్పాడు. “అట్లయితే జాగ్రత్తగా చూసుకోండి” అన్నాను. చచ్చిన పురుగును దూరంగా పూడ్చమని, మిగతావాటి కింద కొత్త పేపరు పరవమని, పోయిన చోటును కదపకుండా గుర్తు పెట్టి ఉంచమని చెప్పి ఫోను పెట్టేశాను. కేసు తేల్చిన మనిషిలాగా కాఫీ కూడా తాగాను.

కేంద్రంలో పసిపురుగును వదిలి రెండు రోజులు కదలలేకపోయాను. మూడో నాడు బస్సులో ఆ పల్లెకు దగ్గరి బాగేపల్లి వచ్చాను. స్టాండు దగ్గరికి వెంకటరాయప్ప బండి తెచ్చాడు. దారి పొడుగునా ఊళ్లో జరిగింది ఆయనే చెప్పుకుంటూ వచ్చాడు. మేడమే చెప్పింది కదా, చేతిమీద వచ్చిందని. చేతులు నాలుగు జతలు, మూడు మావే. మిగిలింది నరసమ్మ. ఆమెను అడిగితే నేను చేయలేదంటుంది. అట్లయితే సోమవారం గుడిలో ఆణె పెట్టమన్నారు. ఆణె అంటే ప్రమాణం. చేతిలో కర్పూరం వెలిగించి, నేను చేసుంటే నా బిడ్డలు పాడైపోవాలని చెప్పి ఆర్పాలి. నరసమ్మ పెట్టనంది. పెట్టలేదంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా మేడం అని ఆయన ముగించాడు.

ఆమె ఎందుకు పెట్టనన్నదో కూడా నేను అడిగితేనే చెప్పాడు. నరసమ్మకు ఉన్నది ఒక్క కూతురు. తొలిచూలు, నెలలు నిండాయి. కూతురి మీద ప్రమాణం చేసి, రేపు కాన్పులో ఏదైనా తేడా వస్తే ఊరంతా ఏమంటుందో ఆమెకు తెలుసు. అబద్ధపు ఆణె పెట్టింది, బిడ్డకు తగిలింది అంటారు. పెడితే ఆ భయం, పెట్టకపోతే ఈ నింద. అప్పటికే ఊళ్లో ఇంకో రెండిళ్లవాళ్లు ఆకు కోయడానికి రావద్దని ఆమెకు చెప్పేశారట. మా పల్లెల్లో పురుగులింటికి రాకూడని మనిషి అని ఒకసారి పేరు పడితే, ఆ మనిషిని పొలంలోకి కూడా పిలవరు.

ఊళ్లోకి పోయే దారిలోనే ఆమె ఇల్లు. గడపలో కూర్చుని ఉన్నది బండి చప్పుడుకు లేచి నిలబడింది. నావైపు చూసింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కాని జరిగింది జరిగినట్టు రాయాలి కదా.

పురుగులింటి గడపలో బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు తడుపుకుని లోపలికి వెళ్లాను. పొడుగు గదిలో మూడు అంతస్తుల స్టాండు. మంచంలాంటి అరలు ఒకదాని మీద ఒకటి, వాటి మీద పేపరు పరిచి, పురుగును పోసి, పైన మల్బరీ రెమ్మలు వేస్తారు. పై అరలోనూ కింది అరలోనూ పురుగు మేత చాలించి పండి, ముప్పాతిక వంతు చంద్రికలెక్కి గూడు కడుతోంది. చంద్రికలంటే గూడు కట్టడానికి పెట్టే వెదురు తట్టలు. ఎంత బాగా కడుతున్నాయో చూస్తే అవి నా చాకి పురుగులని నాకే గర్వం వేసింది. నడిమి అర మాత్రం కిటికీవైపు సగం ఖాళీ.

నేను చెప్పినట్టే వెంకటరాయప్ప పోయిన చోట్లన్నీ బొగ్గుతో గుర్తులు పెట్టాడు. నేను వెనక్కి జరిగి ఆ గుర్తులు చూశాను. కిటికీవైపు మూల దగ్గర గుర్తులు దట్టంగా ఉన్నాయి, అక్కడినుంచి అర చివరికి పోయేకొద్దీ పలచబడి, సగం దాటాక ఒక్కటీ లేదు. పైన లేదు, కింద లేదు.

పురుగుల విషయంలో నేను నవలల సూత్రాలు వాడను, కళ్లు వాడతాను. ఆకులో విషం ఉంటే ఆ మోపు వేసిన అన్ని అరల్లోనూ పోవాలి. గాలిలో వస్తే కిటికీ ఎదురుగా పైనా కిందా పోవాలి. ఇది ఒకే మూల నుంచి పాకింది. అక్కడ ఏదో వస్తువు ఉండింది. ఏ అరకు ఎవరు మేత వేస్తారని అడిగాను. కింది అర అత్తగారు, పై అర వెంకటరాయప్ప, నడిమి అర సుజాత. నరసమ్మ ఆకు మోపు గడప లోపల దించి, రెమ్మలు విడదీసి ఇస్తుంది, స్టాండు దగ్గరికే రాదు.

అంటే మూడు రోజుల కిందట ఫోనులో కోపం సంగతికి బదులు, ఎవరు ఎక్కడ మేత వేస్తారన్న ఒక్క ప్రశ్న నేను అడిగి ఉంటే నరసమ్మ పేరే వచ్చేది కాదు.

వెంకటరాయప్పను టీ చెప్పి రమ్మని పంపి, సుజాతను పిలిచాను. కదిరి వైపు పిల్ల, పెళ్లయి ఆరేళ్లు. నా పుస్తకాలు ఎక్కువగా తీసుకుపోయేది ఆమే. నడిమి అరలో కిటికీ మూల నువ్వేం పెట్టావమ్మా అని మెల్లగా అడిగాను. ఆమె ఇంట్లోకి పోయి, బియ్యం డబ్బా వెనకనుంచి ఒక నవల తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఇచ్చిందే. ఎనిమిది రోజుల కిందట పురుగు నాలుగో జ్వరంలో పడుకున్న రోజు, ఒక్క రోజు తీరిక దొరికిందని చింతామణిలో బంధువుల పెళ్లికి వచ్చి, మా ఇంట్లో కూర్చుని, బీరువా కింది అరలోంచి ఏరుకుని పోయింది.

అత్తకు పుస్తకం చూస్తే పడదు. అందుకని ఇంట్లో చదవలేకపోయింది. మేత వేసి, పురుగు మేసేదాకా ఆ గదిలో కాచుకుని ఉండాలి కదా, అక్కడ ఎవరూ రారు. స్టూలు వేసుకుని కిటికీ పక్కన చదువుకుంది. అడుగుల చప్పుడు వినబడగానే పుస్తకాన్ని అర మూల పేపరు కిందికి తోసి, ఆ చేతులతోనే పైన ఆకు సర్దింది. ఒక పగలు, ఒక సాయంత్రం. తెల్లారేసరికి పురుగు తల ఊపడం మొదలుపెట్టింది.

పుస్తకం వెనక అట్ట మీద సన్నగా తెల్లటి గీత ఒకటి ఉంది. వేలితో రాసి చూశాను. వేలికి తెల్లగా పొడి అంటింది.

ఆ గీత నేను గీసిందే. నెల కిందట వెండిపురుగులు నా పుస్తకాల వెన్నులు కొరికేస్తున్నాయని, అంగడి వీధిలో చీమల చాక్‌పీసు కొని బీరువా అరలన్నిటికీ అంచులవెంట దట్టంగా గీశాను. ఆ చాక్‌పీసు పురుగులమందు. పొడి రాలి కింది అరలో పుస్తకాల మీద పడింది. నేను ఇంట్లోంచి వచ్చి స్నానం చేయనిదే నా కేంద్రం గడప తొక్కను. నా చీర, నా చేతులు, నా చెప్పులు, అన్నిటి గురించీ ఆలోచించాను. పుస్తకం కూడా ఇంకొకరి పురుగులింట్లోకి నడిచిపోగలదని ఒక్కరోజు తట్టలేదు.

అయినా అనుమానం మాత్రమే చాలదు. చంద్రిక ఎక్కకుండా ఇంకా మేస్తున్న పురుగులు కింది అరలో ఉన్నాయి. వాటిలో నాలుగింటిని వేరే పళ్లెంలో తీసుకుని, ఒక ఆకును పుస్తకం అట్టకు రాసి వేశాను. ఇంకో నాలుగింటికి మామూలు ఆకు వేశాను. సుజాతా నేనూ పళ్లేల ముందు కూర్చున్నాం. టీ వచ్చింది, చల్లారింది. అట్టకు రాసిన ఆకు తిన్నవి మొదట మేత ఆపాయి, తర్వాత తల ఎత్తి ఇటూ అటూ ఊపాయి, తర్వాత పచ్చగా కక్కాయి. రెండో పళ్లెంలోవి నిమ్మళంగా తింటున్నాయి.

కథ చెబుతున్న మనిషే చివరికి దోషి అని తేలే నవలలు ఈమధ్య చాలా వస్తున్నాయి. అట్లాంటివి చదివితే రచయిత నన్ను మోసం చేశాడని పుస్తకం మూలకు విసిరేసేదాన్ని. తన తప్పు తనకు తెలియకుండా ఇన్ని పేజీలు ఎట్లా మాట్లాడుతుంది మనిషి అని వాదించేదాన్ని. మాట్లాడుతుంది. మూడు రోజులు నేను మాట్లాడలేదా? ఆ విషయంలో రచయితలకు నేను క్షమాపణ బాకీ ఉన్నాను.

సుజాత ఏడవలేదు. తగ్గుగొంతుతో ఒక్క మాట అడిగింది.

“పక్క చేనులో టమాటా మందు కొట్టినారని చెప్పండి మేడం. మీరు చెప్తే నమ్ముతారు. నరసమ్మక్కకూ మంచిదే, నాకూ మంచిదే.”

చెప్పకూడదా అని నాకూ అనిపించింది. అనిపించలేదని రాస్తే అబద్ధం. చాకి కేంద్రం మనిషి తన చేతులతో రైతు ఇంట్లోకి మందు పంపించిందంటే, గూళూరులో పొద్దున చెప్పింది సాయంత్రానికి శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్లో ఉంటుంది. ఇరవై రెండేళ్ల పేరు. గాలిమీదికి నెట్టేస్తే ఎవరికీ నష్టం లేదన్నట్టే ఉంది. కాని టమాటా చేను కూడా ఒక మనిషిదే. అతను ఏడాది పొడుగునా ఈ గోడ పక్కనే ఉండాలి. ఒక నరసమ్మను తప్పించి ఇంకొకణ్ని ఆ చోట నిలబెట్టడానికి నేనెవరిని? పైగా ఆ మాటలో తేలిక ఉంది చూడండి, మీరు చెప్తే నమ్ముతారు అన్నది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నరసమ్మను పిలిపించమన్నాను. పిలవడానికి వెంకటరాయప్ప తల్లికి ఇష్టం లేదు. పిలిస్తేనే మాట్లాడతానని పట్టుబట్టాను. నరసమ్మ వచ్చి అరుగు కింద నిలబడింది. పైకి రమ్మన్నా రాలేదు. అప్పుడు నేనే కిందికి దిగి ఆమె పక్కన నిలబడి మొత్తం చెప్పాను. చాక్‌పీసు నేను గీశాను, పుస్తకం నేను ఇచ్చాను, ఇవ్వకముందు తుడవలేదు. సుజాత చదవడం తప్పు కాదు, ఆ పొడి అందులో ఉందని ఆమెకు తెలియదు. అన్నిటికన్నా పెద్ద తప్పు, రాకుండా, చూడకుండా, లోపలి మనిషి చెయ్యి అని ఫోనులో చెప్పడం. రెండు పళ్లేలూ తెచ్చి ముందుపెట్టాను.

ముసలామె ముందు కోడలివైపు ఉరిమి చూసింది. పురుగులింట్లో పుస్తకమా అని మొదలుపెట్టబోతే వెంకటరాయప్ప, “సాలమ్మా” అన్నాడు. పదేళ్లలో ఆయన తల్లికి ఎదురుచెప్పడం నేను మొదటిసారి విన్నాను. ఆణె అక్కర్లేదు నరసమ్మా, రేపటినుంచి పనికి రా అని ఆయనే అన్నాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

నరసమ్మ పళ్లెంలో చచ్చిన పురుగులను చూస్తూ, నెమ్మదిగా మాట్లాడింది.

“నేను మూడు దినాలుగా అదే చెప్తాండాను గదా మేడం, నేను చేయలేదని. మీరు యాడనో కూసోని ఒగ మాట చెప్తే నమ్మినారు. ఇప్పుడు ఈడికొచ్చి ఇంగొక మాట చెప్తే అదీ నమ్మినారు.”

కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. నేను ఆ రాత్రి ఊళ్లోనే ఉండిపోయాను. మరుసటి రోజు ఆమె ఇంటికి పోయి క్షమించమని అడిగాను. “పోనీండి మేడం” అన్నది. మంచినీళ్లిచ్చింది. పోనీండి అనడానికీ, పోయింది అనడానికీ తేడా ఉందని నాకు ఆరోజు తెలిసింది.

తర్వాతి సంగతులు. కొందరు రైతులు నన్ను వదిలి వేరే కేంద్రానికి వెళ్లారు, వాళ్లమీద నాకు కోపం లేదు. చాలామంది వదల్లేదు. తప్పు తనే చెప్పుకుంది కదా అన్నారట. వెంకటరాయప్ప తర్వాతి పంటకు కూడా నా చాకే తీసుకున్నాడు. చాకి ఇచ్చేటప్పుడు రైతులకు మేము ఒక కన్నడ కాగితం ఇస్తాం, పురుగులింట్లోకి ఏమేమి తేకూడదో. అందులో పొగాకు, దోమల బత్తి, పౌడరు తర్వాత ఇప్పుడు పుస్తకం అని కూడా ఉంటుంది. కొత్త రైతులు చదివి నవ్వుతారు. నేను నవ్వకుండా కారణం చెబుతాను. బీరువా అరలు మూడుసార్లు కడిగి, వేపాకు పెట్టాను. సుజాతకు పుస్తకాలు ఇవ్వడం మానలేదు, ఆమె అరుగు మీద కూర్చుని అందరూ చూస్తుండగా చదువుతోంది. అత్త ఇప్పటికీ సణుగుతుంది, ఆ సణుగుడు ఎవరూ పట్టించుకోరు.

మిస్టరీ నవలల మీద నా అభిప్రాయాల్లో ఒకటి కొత్తగా చేరింది, ఇది నేను గట్టిగా చెప్పగలను. ఆమధ్య చదివిన ఒక నవలలో అపార్టుమెంటు వాచ్‌మన్‌ను నాలుగో అధ్యాయంలో పోలీసులు పట్టుకుపోతారు. ఆరో అధ్యాయంలో అతను కాదని తేలుతుంది. ఆ తర్వాత నూటయాభై పేజీలు అతని ఊసే లేదు. తిరిగి గేటు దగ్గరికి వచ్చాడా, అపార్టుమెంటువాళ్లు పిల్లల్ని అతని దగ్గర ఆడుకోనిచ్చారా, రచయితకు పట్టలేదు. ఇదివరకు నాకూ పట్టేది కాదు. ఇప్పుడు నవల ఎంత బిగువుగా ఉన్నా, తప్పుగా అనుమానించినవాళ్లు తర్వాత ఏమయ్యారో రాయని రచయితకు నేను మార్కులు తగ్గిస్తాను. హంతకుణ్ని పట్టుకోవడం కథలో సులభమైన భాగం. అట్ట లోపల పెన్సిలుతో పేరు రాయడం కూడా మానేశాను.

నరసమ్మ కూతురికి ఆ నెలలోనే సుఖంగా కాన్పయింది, ఆడపిల్ల. వెంకటరాయప్ప ఫోను చేసి చెప్పినప్పుడు నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను. నరసమ్మ మళ్లీ ఆ ఇంటికి పనికి వస్తోంది. కాని ఆకు మోపు గడప బయటే దించుతుంది. సుజాత ప్రతిసారీ లోపలికి రమ్మంటుంది, ఈడే ఉంటాలేమ్మా అంటుంది. పోయిన నెల పురుగు ఎట్లా ఉందో చూడటానికి వెళ్లాను. నేను గడపలో నిలబడి ఉండగా ఆమె మోపు తెచ్చి దించింది. రెమ్మలు విడదీయబోతూ ఆగి, రెండు చేతులూ తిప్పి నాకు చూపించింది.

“కడుక్కొన్నా మేడం” అన్నది.

నేను అడగలేదు. ఆ ఇంట్లో ఎవరూ అడగరు. ఎవరు వచ్చినా, రెండేళ్లుగా ఆమె అట్లా చూపిస్తూనే ఉందని సుజాత చెప్పింది.